శ్రీహరికోట సుగంధిపాల

శ్రీహరికోట అనగానే నేడు మనకు స్ఫురించునది ఆకాశము. 1971 అక్టోబరు 9వ తేదీన రోహిణి-125 అను చిన్న రాకెట్టు అచ్చటినుండి ఎగిరినది మొదలు ఆ దీవి పేరు దేశదేశములందు వినబడుచున్నది. అంతకు పూర్వము ఆ పేరు తెలిసినవారు మదరాసులోని కట్టెల అడితులవారు, మందుదినుసుల వర్తకులు, అటవీశాఖ ఉద్యోగులు మాత్రమే. పులికాటు సరస్సుకును సముద్రమునకును నడుమ, ఇసుకమేటపై పెరిగిన ఆ అడవినుండి కట్టెలు, తేనె, మైనము, ముష్టిగింజలు, కుంకుళ్లు, అద్దకమునకు పనికివచ్చు చిరివేరు బయటికి వచ్చుచుండెడివి. వానితోపాటు సన్నని నల్లని వేళ్ల కట్టలు కూడ వచ్చెడివి. ఆ వేరు కథయే నేటి మన ప్రసంగమునకు విషయము.

దానిని మనము సుగంధిపాల యందుము. పాలసుగంధి అనువారును కలరు. తమిళులకు నన్నారి, సంస్కృతమున శారిబ, సారివ, అనంత. నేలపై ప్రాకుచు, అందిన పొదను చుట్టుకొని పెరుగు సన్నని తీగ. ఆకులు ఎదురెదురుగా ఉండును. ఒకే తీగపై క్రింది ఆకు వెడల్పుగను, మీది ఆకు కత్తివలె సన్నముగను ఉండుట కద్దు. నడిమి ఈనె వెంట తెల్లని చార కనబడును. త్రుంచిన పాలు కారును. ఇంతవరకు చెప్పుకోదగిన అందమేమియు లేదు. త్రవ్వి వేరు గోటితో గీరి చూచినప్పుడు మాత్రము, ఇంత బీదతీగలో ఇంత పరిమళము ఎచ్చట దాగినదా అని ఆశ్చర్యము కలుగును.

చర్మరోగములకు ఇది మందు అని మన తెలుగునాట తాతల కాలమునుండి ప్రతీతి. ఆరోగ్య విషయములపై ప్రసంగము ప్రసారమైనపుడెల్ల మాకు వచ్చు ఉత్తరములలో ఒకటి రెండైనను ఈ ప్రశ్నతో ఉండును: ఏండ్ల తరబడి మానని గజ్జి, పొలుసులు రాలు మచ్చలు, రాత్రి నిద్రపట్టనీయని దురద, పూతలు పూసి విసిగితిమి, సుగంధిపాల కషాయము త్రాగిన పోవునా? ఔనని చెప్పువారును, పరిహసించువారును సమాజమున సమముగనే ఉన్నారు. నేను వైద్యుడను కాను. చరిత్ర చదివినవాడను. ఐనను ఈ ప్రశ్నకు చరిత్ర ఒక సమాధానము చెప్పగలదని నా నమ్మకము. ఏలయన, ఇదే ప్రశ్నను రెండువందల ఏండ్లక్రితము మదరాసులోను, కలకత్తాలోను, లండనులోను పెద్ద వైద్యులు వేసికొనిరి.

మొదట ఆ వేరును త్రవ్వినవారినిగూర్చి చెప్పవలెను.

శ్రీహరికోట అడవి అనాదిగా యానాదులది. వారి పేరునకే 'అనాది' అను మాట మూలమని కొందరి వ్యుత్పత్తి. అది నిజమైనను కాకున్నను, ఆ దీవికి వారు అనాదివాసులనుటలో సందేహము లేదు. 1835లో ఆ దీవి కుంపిణీ ప్రభుత్వపు అజమాయిషీలోనికి వచ్చినప్పుడు, దుంపలు, వేళ్లు, తేనె, చేపలు ఆధారముగా అడవిలో జీవించుచున్న యానాదులు అధికారులకు కనబడిరి. వర్తకులకు అడవి సరకిచ్చి బదులుగా తిండిగింజలు, గుడ్డలు పుచ్చుకొనుట వారి వాడుక. ప్రభుత్వము వారిని తరుమలేదు. తరిమినచో అడవిలోని సరకును ఏరి తెచ్చువారెవరు? ఏ పొద చాటున ఏ తీగ ఉన్నదో, ఏ ఋతువులో ఏ గింజ రాలునో తెలిసిన వారు వారొక్కరే. బాస్వెల్ దొర 1873లో ప్రకటించిన నెల్లూరు జిల్లా మాన్యువలులోను, టి. రంగారావుగారు 1901లో మదరాసు మ్యూజియమువారి పక్షమున వెలువరించిన యానాదుల వృత్తాంతములోను, 1909లో థర్‌స్టన్ సంపుటములలోను వీరి మూలికాజ్ఞానము ప్రస్తావింపబడినది. పాముకాటునకు, తేలుకాటునకు, పురిటి బాధలకు చుట్టుప్రక్కల గ్రామములవారు యానాదిని పిలుచుట అప్పటి ఆచారము. ఊరిలో అతనికి పీట వేయరు. కాని అతడు తెచ్చిన వేరును కండ్లకద్దుకొందురు.

ఇసుకనేల కావున శ్రీహరికోటలో వేరు త్రవ్వుట కొంత సులభము. గునపముతో ప్రక్కనేల వదులుచేసి మెల్లగా లాగిన మూరెడు, రెండు మూరల వేరు తెగక వచ్చును. ఒక ముక్క నేలలో మిగిలిననాడు తీగ మరల మొలచును. వేరు పైతొక్క మీదనే పరిమళమంతయు. లోపలి కర్రలో లేదు. తాజాగా ఉన్నప్పుడున్న వాసన నెలలు గడిచిన కొలది తగ్గిపోవును. ఇవి త్రవ్వువారందరు ఎరిగిన సంగతులు. ఈ చిన్న సంగతులే తరువాత కథలో పెద్దవి కాగలవు. శ్రోతలు జ్ఞాపకముంచుకొన కోరెదను.

ఇక మన శాస్త్రములు ఏమన్నవి? సుశ్రుతసంహితలో సారివాది గణమని ఒక ఔషధ వర్గము కలదు. సారివ, అతిమధురము, చందనము, వట్టివేరు మున్నగునవి అందు చేరినవి. ఆ గణము దప్పికను, రక్తపిత్తమును, పిత్తజ్వరమును, ముఖ్యముగా దాహమును, అనగా ఒంటి మంటను, శమింపజేయునని సుశ్రుతుని మతము. చరకుడును దీనిని దాహప్రశమనములలో చేర్చెను. చర్మరోగములన్నింటిని మన ప్రాచీనులు కుష్ఠమను ఒకే పేరున పిలిచి, ఏడు మహాకుష్ఠములు, పదునొకండు క్షుద్రకుష్ఠములుగా పదునెనిమిదింటిని వర్ణించిరి. గజ్జి, చిడుము, పొలుసులరోగము అన్నియు అందులోనివే. ఆ కుష్ఠములను పోగొట్టు ద్రవ్యములలో చరకుడు అగ్రస్థానమిచ్చినది సుగంధిపాలకు కాదు. ఖదిరమునకు, అనగా మన చండ్రకు. సుగంధిపాలకు చెప్పబడిన గుణము మంటను, తాపమును తగ్గించుట. రోగమును పెరికివైచుట కాదు. తరువాతి కాలమున భైషజ్యరత్నావళి వంటి గ్రంథములలో సారిబాద్యాసవము వెలసి, చర్మరోగములకు, వాతరక్తమునకు వాడబడినది. ఐనను అందు సారివ పెక్కు ద్రవ్యములలో ఒకటి.

పల్లెలలోని వాడుక ఇంకను సూక్ష్మమైనది. మన వైద్యులు వేరు ఒక్కటి ఇచ్చి ఊరకుండలేదు. మండలము, అనగా నలువది దినములు, పథ్యము పెట్టిరి. వంకాయ, గోంగూర, ఎండుచేప, ఆవపెట్టిన కూరలు మానవలెను. పైకి కానుగనూనెయో వేపనూనెయో పూయవలెను. సున్నిపిండితో స్నానము చేయవలెను. దీర్ఘకాలిక చర్మవ్యాధులకు ఒక స్వభావము కలదు: అవి తమంత తాము హెచ్చుచు తగ్గుచు ఉండును. చలికాలమున పొలుసులు హెచ్చి, ఎండలు ముదిరిన తగ్గుట పలువురి అనుభవము. నలువది దినములలో ఈ తగ్గుదల సహజముగనే వచ్చుటకు అవకాశము కలదు. అట్లు వచ్చినప్పుడు యశస్సు ఎవరికి? వేరుకా, పథ్యమునకా, నూనెకా, ఋతువునకా? మన వైద్యులకు ఈ విభజన అవసరము కాలేదు. రోగికి నెమ్మది కలిగిన చాలును.

పాశ్చాత్యులకు అవసరమైనది. దానికి కారణము వేరొక రోగము.

పదునైదవ శతాబ్ది చివర ఐరోపాలో చెలరేగి, పోర్చుగీసువారి ఓడలతో మన తీరమునకు వచ్చిన ఫిరంగి రోగమును మనవారు సవాయి అనియు, కొరుకు అనియు పిలిచిరి. ఒంటిపై పుండ్లు, మచ్చలు, చర్మమంతయు చెడుట దాని లక్షణములు. పదునారవ శతాబ్దమున భావమిశ్రుడు తన భావప్రకాశమున ఫిరంగరోగమును పేర్కొని, చోపచీనిని మందుగా చెప్పెను. గోవాలోని పోర్చుగీసు వైద్యుడు గార్సియా ద ఓర్తా 1563లో ప్రకటించిన గ్రంథమునను ఆ చైనా దుంప ప్రశంస కలదు. మన అంగళ్లలో దానికి పరంగిచెక్క అని పేరు నిలిచినది. రోగము పరంగి, మందు పరంగి! దానికి జ్ఞాతియైన మరియొక వేరు అమెరికా ఖండమునుండి ఐరోపాకు పోయినది. అదియే సార్సపరిల్లా. రక్తశుద్ధికి, మొండి చర్మరోగములకు, సవాయికి అది దివ్యౌషధమని మూడువందల ఏండ్లు అచ్చటివారు నమ్మిరి.

ఆ వేరు ప్రియము. సముద్రములు దాటి మదరాసు చేరునప్పటికి మరింత ప్రియము. కుంపిణీ సైన్యములో సవాయి రోగులకు కొదువ లేదు. కావున దేశీయమైన బదులు వేరొకటి కావలసి వచ్చినది. పరిమళము చూచి, రంగు చూచి, దేశీయుల వాడుక విని, సుగంధిపాలకు 'కంట్రీ సార్సపరిల్లా' అని పేరు పెట్టిరి. వృక్షశాస్త్రరీత్యా ఈ రెంటికి ఏ బంధుత్వమును లేదు. అది స్మైలాక్స్ కుటుంబము. ఇది జిల్లేడు కుటుంబము. సామర్లకోటలో తోట వేసి మన తెలుగు మొక్కలను, వాని తెలుగు పేర్లను శ్రద్ధతో సేకరించిన రాక్స్‌బరో ఈ సంగతి ఎరిగినవాడు. దీనికి ఆయన పెట్టిన లాటిను పేరునకు అర్థము 'దొంగ సార్సా' అని. లినేయసు 1753లో ఒక పేరు పెట్టెను. చివరకు నిలిచినది హెమిడెస్మస్ ఇండికస్ అను పేరు. ఇన్ని నామకరణములు జరిగిన శిశువు మరియొకటి ఉండదు.

మదరాసు సైన్యమున వైద్యాధికారిగా పనిచేసిన విట్‌లా ఐన్‌స్లీ 1813లో మదరాసులోనే అచ్చువేసిన గ్రంథమును విస్తరించి 1826లో లండనున 'మెటీరియా ఇండికా' అని ప్రకటించెను. తమిళ వైద్యులు నన్నారివేరును పొడిచేసి ఆవుపాలతో మూత్రకృచ్ఛ్రమునకు ఇచ్చుచున్నారనియు, జీలకఱ్ఱతో కలిపి కాచి రక్తశుద్ధికి, పిత్తశాంతికి ఇచ్చుచున్నారనియు ఆయన నమోదు చేసెను. దేశీయులు చెప్పినది చెప్పినట్లు వ్రాసికొన్న ఇటువంటి వారివలన మనకు కలిగిన మేలు తక్కువ కాదు.

లండనులో మాత్రము ఒక వినోదము జరిగినది. గార్డెన్ అను రసాయనజ్ఞుడు 1837లో ఈ వేరును పరీక్షించి, ఆవిరితో ఎగిరిపోవు సుగంధ ద్రవ్యమొకటి అందు కలదని కనుగొనెను. కాని ఆయన చేతిలోని వేరు స్మైలాక్స్ ఆస్పెరా అను వేరొక తీగదని తలచి, ఆ ద్రవ్యమునకు ఆ తీగ పేరే పెట్టెను. తరువాత పెరీరా ఆ పొరపాటు గుర్తించి సవరించవలసి వచ్చెను. శ్రీహరికోటలోని యానాది బాలుని అడిగిన క్షణములో చెప్పెడివాడు.

కలకత్తాలో ఓషాన్నెసీ ఆసుపత్రి రోగులపై దీనిని పరీక్షించెను. రెండు ఔన్సుల వేరు ఒక పైంటు వేడినీటిలో వేసి, చల్లారిన పిమ్మట దినమునకు ఆ మొత్తము త్రాగించిన, మూత్రము మూడింతలు, నాలుగింతలు అగుట ఆయన చూచి, 1840ల తొలినాటి తన గ్రంథములలో వ్రాసెను. 1864లో లండను, ఎడింబరో, డబ్లిను నగరముల ఔషధసంహితలను ఏకము చేసి మొట్టమొదటి బ్రిటిషు ఫార్మకోపియా వెలువడినప్పుడు, అందు మన సుగంధిపాలకు స్థానము లభించినది. పాకము చేయు విధానము కూడ నిర్ణయించిరి: వేరు నలుగగొట్టి మరుగునీటిలో వేసి, మూతపెట్టిన పాత్రలో నాలుగు గంటలు నాననిచ్చి, వడగట్టి చక్కెర చేర్చవలెను. 1868లో వేరింగు సంపాదకత్వమున వచ్చిన ఇండియా ఫార్మకోపియాలోను ఇది చేరినది. మరుసటి ఏడు దానికి అనుబంధము వ్రాసినవాడు మదరాసు వైద్యుడు మొహిదీన్ షరీఫు. ఏ మూలికకు ఏ భాషలో ఏ పేరో నిర్ణయించి, అంగడిలో ఒకదానికి బదులు వేరొకటి అంటగట్టు మోసములను అరికట్టుటకు ఆయన పడిన శ్రమ అసాధారణమైనది. ఆయన పేరు నేడు విన్నవారు అరుదు.

శ్రీహరికోట ఇసుకలో, పొదల నీడను ప్రాకు తీగవంటిదే ఒక తీగ రాణిగారి వైద్యుల ప్రమాణగ్రంథమునకు ఎక్కినది. అంతవరకు ఎక్కుటయే. ఇక దిగుట.

పదియేండ్లు గడచినవో లేదో, 1874లో ఫ్లూకిగర్, హాన్‌బరీ అను ప్రసిద్ధ ద్రవ్యగుణవేత్తలు తమ గ్రంథమున, ఈ వేరు గుణమును వైద్యులందరు ఒప్పుకొనుట లేదని వ్రాసిరి. క్రమముగా లండను వైద్యులకు ఇది మందుగా కాక, చేదుమందులకు రుచి కల్పించు పానకముగా మిగిలినది. కాలక్రమమున ఫార్మకోపియా పుటలనుండియే తొలగినది.

ఎందువలన? నాకు తోచిన కారణములు రెండు. మొదటిది ప్రయాణము. పరిమళమంతయు తొక్కలో ఉన్నదనియు, అది ఎగిరిపోవు స్వభావము కలదనియు చెప్పియుంటిని గదా. అడవిలో త్రవ్విన వేరు పడవలో సరస్సు దాటి, మదరాసు కొట్లలో నెలలు గడపి, ఓడలో లండను చేరి, అచ్చటి గిడ్డంగిలో మరికొంత కాలము పండుకొన్న పిమ్మట అందు మిగులునది కర్ర. ఆ కర్రను కొందరు గంటలకొలది ఎసరు పెట్టి కాచిరి. మూతపెట్టి నానవేయవలెనని గ్రంథము చెప్పినది ఊరక కాదు. ఆ సుగంధమునకు మూలమైన ద్రవ్యము వెనిల్లాలోని వెనిలిన్‌కు దాయాది. అణువులు అవియే, అమరిక వేరు. ఆవిరితో అది వెడలిపోవునని గార్డెన్ 1837లోనే చూచెను.

రెండవ కారణము మరింత లోతైనది. సవాయికి ఆనాటి ప్రధాన చికిత్స పాదరసము. మన పరంపరలోను రసకర్పూరము ఉండెడిది. నోరు పూసి, పండ్లు కదలి, లాలాజలము ధారలుగా కారి, రోగి రోగముకంటె మందుచేత కృశించుచుండెడివాడు. అట్టివానికి పాదరసము మాన్పించి సార్సపరిల్లా పట్టించిన, కొన్ని వారములలో మనిషి తేరుకొనును. ఆ తేరుకొనుట వేరు మహిమ అని వ్రాసికొనిరి. నిజమునకు అందు పెద్దపాలు విషము మానుటది. సార్సపరిల్లా కీర్తియంతయు ఇట్టి పునాదిపై లేచినదని నా అభిప్రాయము. దాని బదులుగా పోయిన మన వేరు కీర్తియు అంతే. 1905లో సవాయి క్రిమి కనబడినది. 1910లో సాల్వర్సాను, 1943లో పెన్సిలిను దాని ఆట కట్టించినవి. పునాది తొలగినది, మేడ కూలినది. ఇందులో మన వేరు చేసిన నేరమేమియు లేదు. తాను ఎన్నడును చెప్పని మాటకు తాను పూచీపడవలసి వచ్చినది.

ఐనను మొండి చర్మవ్యాధులు మిగిలియే ఉన్నవి. సోరియాసిస్ అను పొలుసులవ్యాధి, ఎగ్జిమా అను గజ్జి పెన్సిలినుకు లొంగునవి కావు. ఏలయన అవి సవాయివలె ఒక క్రిమి చేసిన పని కాదు. దేహము తనపై తాను కినుక పూనుటవలన కలుగునవి. 1942లో అమెరికాలో థర్మను అను వైద్యుడు సార్సపరిల్లా నుండి తీసిన పదార్థమును సోరియాసిస్ రోగులకిచ్చి, పలువురకు నెమ్మది కలిగినదని ప్రకటించెను. ఈ వ్యాసమును మన సుగంధిపాల సీసాలమీద ప్రమాణముగా చూపు వ్యాపారులు కలరు. అది స్మైలాక్స్ వేరు, ఇది కాదు. 1837 నాటి గార్డెన్ పొరపాటు ఇంకను బ్రతికియే ఉన్నదన్నమాట. 1952లో హైడ్రోకార్టిజోను పూత వచ్చిన పిమ్మట ఎగ్జిమా చికిత్స మార్గమే మారినది. అదియు రోగమును పెరికివైచునది కాదు, అణచియుంచునది మాత్రమే. ఇటువంటి వ్యాధులలో 'పోవుట' అను మాటకంటె 'అణగియుండుట' అను మాటయే సత్యమునకు దగ్గర.

ఆ కొలతతో చూచిన, మన వేరు స్థానము స్పష్టమగును. ప్రయోగశాలలలో సుగంధిపాల సారము కొన్ని క్రిములను నిరోధించుట, జంతువులలో వాపును తగ్గించుట కనబడినది. మనుష్యులలో దీర్ఘకాలిక చర్మవ్యాధిని ఇది నయము చేయునని నిరూపించిన పెద్ద పరీక్ష లేదు. ఆయుర్వేద ఫార్మకోపియాలో శ్వేతసారివ అను పేర దీనికి నేటికిని స్థానము కలదు. వేసవిలో ఒంటి మంట తగ్గుటకు, దాహశాంతికి, వైద్యుడు చెప్పిన పూతలకు తోడుగా దీనిని త్రాగువారిని నేను నిరుత్సాహపరుపను. సుశ్రుతుడు చెప్పినది అంతియే గదా. అంతకు మించి ఆశించి పూతలు పారవైచి, వేరొక్కటే నమ్ముకొన్నవారు చిక్కులలో పడుదురు.

ఇచ్చట ఒక మాట గట్టిగా చెప్పక తప్పదు. మన భాషలో కుష్ఠమను ఒక్క పదము పదునెనిమిది రోగములను కప్పినది. వానిలో ఒకటి నిజముగా కుష్ఠు. మచ్చపై స్పర్శ లేకున్న, గిల్లిన నొప్పి తెలియకున్న, అది గజ్జి కాదు. రక్తశుద్ధి పేర మండలములు గడపిన నరములు చెడి వ్రేళ్లు వంకరపోవును. 1940లలో డాప్సోను రకపు మందులు వచ్చినవి. 1980ల తొలినాటినుండి పలుమందుల చికిత్స అమలులోనికి వచ్చి, ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితముగా లభించుచున్నది. దానికి ఆరు నెలలో, సంవత్సరమో చాలును. సుగంధిపాలకు అచ్చట పని లేదు.

వేరు కథ ఇట్లుండగా, త్రవ్వినవారి కథ వేరొక దారిని నడచినది. వారి సరకు ఫార్మకోపియాకెక్కిన కొన్ని ఏండ్లకే, 1871లో నేరస్థజాతుల చట్టము పుట్టినది. 1911లో అది మదరాసు రాజధానికి విస్తరించినది. నెల్లూరు జిల్లా యానాదులలో పలువురు దాని క్రిందికి వచ్చిరి. అడవిలో ఏ రాత్రి ఎచ్చట పండుకొనునో ఎరుగని మనుష్యుడు రాత్రిపూట పోలీసులకు హాజరు పలుకవలసి వచ్చెను. నెల్లూరువారైన వెన్నెలకంటి రాఘవయ్యగారు ఈ చట్టము రద్దునకై ఏండ్లతరబడి పోరాడిరి. మదరాసు రాష్ట్రమున 1947లో అది రద్దయినది. ఆయన 1962లో ప్రకటించిన యానాదుల గ్రంథము ఇప్పటికిని ఆ జాతినిగూర్చి చదువదగిన వానిలో ఒకటి. 1969లో శ్రీహరికోట అంతరిక్ష కేంద్రమునకై ఎన్నుకోబడినది. రాకెట్టునకు తూర్పున సముద్రము, చుట్టును జనము లేకుండుట కావలెను. ఊళ్లు లేచినవి. యానాదులు అడవిలో ఇచ్చవచ్చినట్లు తిరిగి వేళ్లు త్రవ్వుకొన్న దినములు గతించినవి. కూలిపనులు, చేపలవేట వారికి జీవనాధారములైనవి. అదే కంచె వలన అడవికి గొడ్డలి తప్పినది. తూర్పుతీరమున అరుదైపోయిన మెట్టప్రాంతపు సతతహరితారణ్యము అచ్చట మిగులుటకు కారణము రాకెట్లేయని వృక్షశాస్త్రజ్ఞులు చెప్పుదురు. తీగ మిగిలినది, త్రవ్వువాడు బయటకు వచ్చినాడు. లాభనష్టముల లెక్క నాకు తేలదు.

2022లో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు సూళ్లూరుపేటతో కూడ శ్రీహరికోట నెల్లూరునుండి తిరుపతి జిల్లాకు మారినది. ఆ విధముగా సుగంధిపాల దీవియు, మారేడుగడ్డల కొండలును ఒకే జిల్లాలో చేరినవి. ఈ సందర్భమున శ్రోతలు తెలిసికొనదగిన సంగతి ఒకటి ఉన్నది. వేసవిలో తిరుపతి, చిత్తూరు వీధులలో నిమ్మరసము పిండి ఇచ్చు నన్నారి షర్బతును ఎరుగనివారు లేరు. ఆ సీసాలలో ఉన్నది చాలమట్టుకు సుగంధిపాల కాదు. శేషాచలము కొండలలో దొరకు మారేడుగడ్డల రసము. బిల్వదళముల మారేడుకును దీనికిని సంబంధము లేదు. ఇది డెకాలెపిస్ అను తీగ. మనవారు ఊరగాయ పెట్టుకొను లావుపాటి గడ్డలు ఇవియే. వాసన రెంటికిని ఒకటే, ఏలయన సుగంధ ద్రవ్యము ఒకటే. గడ్డ బొటనవ్రేలి లావున, కండగలిగి, లేతరంగున ఉండును. సుగంధిపాల వేరు తీగవలె సన్నగా, గట్టిగా, నల్లని తొక్కపై అడ్డముగా పగుళ్లతో ఉండును. ఒక బుట్టెడు గడ్డలకు పట్టు శ్రమ, పిడికెడు సుగంధిపాలకు పట్టును. కావున వర్తకులు గడ్డవైపే మ్రొగ్గిరి. మందుదినుసుల అంగళ్లలో సారివ అని అమ్మునదియు పలుచోట్ల ఇదియే అని పరిశోధకులు చూపినారు. కొన్నచోట్ల కొండలలో ఆ గడ్డయు కరవైనది. గడ్డను పూర్తిగా పెకలించిన తీగ మరల రాదు గదా.

మొహిదీన్ షరీఫు 1869లో ఏ మోసమును అరికట్టబూనెనో అది ఇంకను మన అంగళ్లలోనే ఉన్నది. షర్బతునకైన ఏదైనను సరే, దప్పి తీరును. మందుకొరకు కొనువారు మాత్రము కట్ట విప్పి, ఒక వేరు తీసి, గోటితో తొక్క గీరి చూడవలెను. లావుగా మెత్తగా ఉన్న అది కొండది. సన్నగా, నల్లగా ఉండి, వాసన లేనిచో అది సుగంధిపాలయే గాని, ఎన్నడో త్రవ్వినది.